పన్నెండో విద్యార్థి

మారిసెలా కిరోస్ మట్టిని నమిలి చూస్తుంది. పళ్ళకింద కరకరలాడితే ఒండ్రు, వెన్నలా జారితే బంకమన్ను. కాలిఫోర్నియా నడిమి లోయలో పదకొండేళ్ళు బోరు రిగ్గు మీద పనిచేసిన మనిషి ఆమె. ప్రతి పది అడుగులకూ పైకొచ్చే మట్టిని డబ్బాల్లోకి ఎత్తి, లోతు రాసి, వరుసగా పేర్చడం ఆమె పని. ఎక్కడ తవ్వినా ఇంచుమించు ఒకే లోతులో నీలిరంగు బంకమన్ను ఎందుకు తగులుతోందని ఒకసారి కంపెనీకి వచ్చిన భూగర్భ శాస్త్రవేత్తను అడిగింది. అతను తల కూడా ఎత్తకుండా, "అదంతా పెద్ద కథలే, నువ్వు డబ్బాలు నింపు" అన్నాడు.

ఆ మాట ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. ఆ ఆగస్టులోనే, డిగ్రీలో మొదటి రెండేళ్ళ చదువు చెప్పే ఊళ్ళోని కమ్యూనిటీ కాలేజీలో చేరింది. అప్పటికి ఆమెకు ముప్పై.

అక్కడ భూగర్భ శాస్త్రం చెప్పే అర్షాగ్ బొగోసియన్ మొదటి నెలలోనే ఆమెకు జవాబు చెప్పాడు. ఒకప్పుడు ఈ లోయంతా సరస్సట. దాని అడుగున పేరుకున్న బురదే ఆ నీలిమట్టి. మారిసెలా ఆ రోజు ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మను కూర్చోబెట్టి గంటసేపు చెప్పింది. "సరస్సయితే ఏంటే, బీన్స్ మాడుతున్నాయి" అంది వాళ్ళమ్మ.

రిగ్గు పని మానకుండా, సెమిస్టరుకు రెండేసి క్లాసుల చొప్పున నాలుగేళ్ళు చదివింది. లెక్కల్లో ఒకసారి తప్పి మళ్ళీ కట్టుకుంది. చివరికి యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది: మూడో సంవత్సరంలోకి సీటు ఇస్తున్నాం, మే నెలాఖరుకల్లా రెండో ఫిజిక్స్ కోర్సు పూర్తిచేసి రావాలి. మిగిలింది అదొక్కటే.

జనవరి మొదటి వారంలో కాలేజీ సలహాదారు డెనీస్ ఆమెను పిలిచింది.

"ఆ క్లాసులో తొమ్మిదిమందే చేరారు మారిసెలా. పన్నెండుమంది లేకపోతే ఎత్తేస్తారు. శుక్రవారం సాయంత్రం ఐదు దాకా చూస్తారంట."

"ఎత్తేస్తే నేనేం చేయాలి?"

"వచ్చే ఏడాది పెడతారు కదా."

"వచ్చే ఏడాది నాకు సీటుండదు కదా!"

డెనీస్ మంచిదే. కానీ పెదవి విరిచి కంప్యూటరు వైపు చూసింది. ఆ చూపు చూస్తేనే మారిసెలాకు ఒళ్ళు మండిపోయింది.

మూడు రోజులు ఆమె కాలేజీ చుట్టూ తిరిగింది. మొదటి ఫిజిక్స్ పాసైన వాళ్ళ పేర్లు బొగోసియన్ దగ్గర తీసుకుని, క్యాంటీన్లో ఒకడినీ లైబ్రరీలో ఒకడినీ పట్టుకుంది. "అక్కా, ఆ కోర్సు తీసుకుంటే నా సెమిస్టరంతా నాశనం" అన్నాడొకడు. "నాది ముందే నాశనమైంది, తోడు రా" అని వాణ్ణి ఒప్పించింది. నర్సింగు చదివే ఒకమ్మాయి జాలిపడి చేరింది. పదకొండయ్యారు.

ఈ సంగతి విని రిగ్గు నడిపే వెండెల్ ప్రూయిట్ పొట్ట పట్టుకుని నవ్వాడు. అరవైకి దగ్గరపడిన మనిషి.

"ఇంత చిన్న విషయానికి ఏడుస్తావేంటి? నేను చేరతా."

"నువ్వా? ఫిజిక్సా?"

"ఏం, తక్కువేంటి నాకు? నలభై ఏళ్ళుగా బరువులతో కుస్తీ పడుతున్నా."

నిజంగానే గ్రీజు చేతులతో కాలేజీకి వెళ్ళాడు. మొదటి కోర్సు చదవనివాణ్ణి రెండోదానిలో చేర్చుకోరని చెప్పి వెనక్కి పంపారు. "నన్ను ఫెయిల్ చేసే అవకాశం కూడా ఇవ్వలేదు వెధవలు" అని రోజంతా సణిగాడు.

శుక్రవారం మధ్యాహ్నం టైరెల్ అనే కుర్రాడు చేరడంతో పన్నెండు నిండాయి. మారిసెలా కారులో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. నాలుగున్నరకు టైరెల్ పనిచేసే కోళ్ళ ఫ్యాక్టరీ వాళ్ళు వాడి షిఫ్టు మార్చారు. వాడు పేరు తీయించుకుని, ఆమెకు ఫోన్ చేసి పదిసార్లు సారీ చెప్పాడు. వాణ్ణి తిట్టడానికి ఆమెకు నోరు రాలేదు. ఐదింటికి క్లాసు ఎత్తేశారు.

డెబ్బై మైళ్ళ దూరంలోని ఇంకో కాలేజీలో అదే కోర్సులో ఒక్క సీటు ఉందని బొగోసియన్ కనుక్కుని చెప్పాడు. ఆమె వెంటనే చేరింది. మంగళవారం పొద్దున ఎనిమిదికి మొదటి ప్రయోగశాల క్లాసు. ఐదున్నరకే బయల్దేరింది. లోయంతా పొగమంచు. ముందు వెళ్ళే లారీ ఎర్రదీపాలు తప్ప ఏమీ కనిపించలేదు. దారిలో ప్రమాదమేదో జరిగి రోడ్డు మూసేశారు. ఆమె గది తలుపు తీసేసరికి ఎనిమిదీ నలభై.

"మొదటి క్లాసుకు రానివాళ్ళ సీటు వెయిటింగులో ఉన్నవాళ్ళకు ఇచ్చేయాలి. ఇప్పుడే ఇచ్చేశాను" అన్నాడు మాస్టారు.

"పొగమంచు సార్. రోడ్డు మూసేశారు."

"తెలుసు. నేనూ అందులోనే వచ్చాను."

ఆమె సీటు దొరికిన పిల్ల బిక్కమొహం వేసుకుని అక్కడే కూర్చుంది. మారిసెలా పార్కింగులోకి వచ్చి కారు టైరును బూటుతో తన్నింది. బొటనవేలు వాచింది.

యూనివర్సిటీకి మూడు పేజీల అర్జీ పెట్టుకుంది, బొగోసియన్ ఉత్తరం జతచేసింది. ఆరు వారాలకు రెండు వాక్యాల జవాబు వచ్చింది. మీ పరిస్థితి అర్థమైంది, నిబంధన మార్చలేము. "అర్థమైందంట!" అని ఆ కాగితాన్ని వెండెల్‌కు చూపించింది. అతను చదివి, మడిచి వెనక్కి ఇచ్చాడు. ఆ నెలంతా రిగ్గు మీద ఆమెను ఎవరూ పలకరించలేకపోయారు.

ఆ ఏడాది వృథాగానే పోయింది. తర్వాత ఎవరెంత ఓదార్చినా ఆమె దానికి ఇంకో పేరు పెట్టలేదు. కానీ ఎండాకాలం నుంచే మనుషులను పోగేసింది. మొదటి ఫిజిక్స్ క్లాసు గది బయట నిలబడి, బయటికొచ్చిన ప్రతివాడి నంబరూ తీసుకుంది. జనవరికి పదహారుమంది చేరారు. ఆ కోర్సులో ఆమెకు బి గ్రేడు వచ్చింది. మళ్ళీ దరఖాస్తు పెట్టింది, మళ్ళీ సీటు వచ్చింది. ఉత్తరం చూసి వాళ్ళమ్మ ఏడ్చింది కానీ మారిసెలా ఏడవలేదు. "పోయినేడే వెళ్ళాల్సింది" అని మాత్రం అంది.

ఆగస్టులో యూనివర్సిటీకి వెళ్ళిన మొదటి రోజే ఆఫీసులో ఒకమ్మాయి కంప్యూటరు చూసి, "ఖనిజాల కోర్సు నిండిపోయింది. వెయిటింగులో మీది నాలుగో పేరు. వచ్చే ఏడాది మళ్ళీ పెడతారు" అంది.

మారిసెలా బ్యాగు నేలమీద పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ క్లాసు చెప్పేదెవరు? ఆయన గది ఎక్కడ? ఎన్నింటికి వస్తాడు?"

"ఇంకో గంట పడుతుందండీ."

"పర్లేదు, కూర్చుంటా" అంది మారిసెలా.