పందుల అధికారి జబ్డీల్ హాస్కెల్

జబ్డీల్ హాస్కెల్ పీపాలు చేసేవాడు. ఆయన చేసిన పీపాలోంచి ఆపిల్ సైడర్ చుక్క కారదని మా హేజెన్ హిల్‌లోనే కాదు, కొండ దిగువ ఊళ్లలో కూడా చెప్పుకునేవారు. మాట విషయంలోనూ అంతే. ఇంగ్లండు రాజు మీద చేసిన యుద్ధం నుంచి ఎడమచేతి రెండు వేళ్లు లేకుండా తిరిగొచ్చినప్పుడు, అవి ఎలా పోయాయని అడిగితే, "తొందరగా" అన్నాడు. అంతకుమించి ఆ సంగతి ఎవరికీ తెలియదు. పోయిన అక్టోబరులో ఆయన్ని ఆయన భార్య పక్కనే పాతిపెట్టాం. ఈ ఊరి గుమాస్తాగా ఇరవయ్యేళ్ల నుంచి పుట్టుకలూ చావులూ రాస్తున్నవాణ్ణి, ఆయన పేరు కూడా ఒక్క వరుసలో రాసి ఊరుకున్నాను. అది సరిపోదని మనసు పీకుతోంది. ఎందుకంటే ఆయనకు జరిగిన అవమానం నా చేతుల మీదుగానే జరిగింది.

పదిహేడు వందల ఎనభై ఎనిమిది జనవరిలో, దేశానికి రాసిన కొత్త రాజ్యాంగం మీద బోస్టన్‌లో సభ కూడబోతోందని, ప్రతి ఊరూ తన మనిషిని పంపాలని కబురొచ్చింది. ప్రార్థనామందిరం తలుపుకి నోటీసు కొట్టాం. పొయ్యి లేని ఆ మందిరంలో రెండు మధ్యాహ్నాలు వణుక్కుంటూ రాజ్యాంగం మొత్తం చదివించుకున్నాం. చదివేకొద్దీ మాకు ఒళ్లు మండింది. మనిషి నోరు విప్పి మాట్లాడే హక్కు ఎక్కడుంది? తనకు నచ్చినట్టు దేవుణ్ణి కొలుచుకునే హక్కు ఎక్కడుంది? ఎక్కడా రాయలేదు.

"ఒక రాజుని తరిమింది ఇంకో రాజుని తెచ్చుకోడానికేనా?" అని సభాధ్యక్షుడు, మందిరం పెద్ద డీకన్ గ్రాంజరే బల్ల గుద్దాడు. ఒప్పుకోకూడదని ఊరంతా చేతులెత్తాం. ఇక ఎవర్ని పంపాలి? జబ్డీల్ పేరు చెప్పింది నేనే. నోరున్నవాణ్ణి పంపితే అక్కడి లాయర్లు మాటల్లో పెట్టి బుట్టలో వేసుకుంటారు, ఈయనైతే మేం చెప్పింది చెప్పి తిరిగొస్తాడు, సొంత తెలివి కలపడు అనుకున్నాను.

"రాజ్యాంగానికి ఒప్పుకోవద్దు" అని కాగితం రాసి చేతికిచ్చాను. దాన్ని మడిచి టోపీలో పెట్టుకుని "సరే" అన్నాడు. ఆ సరే అన్న మాట నేను నా చెవులతో విన్నాను.

ఫిబ్రవరిలో ఆయనకంటే ముందే కబురు మా కొండ మీదికి చేరింది. రాజ్యాంగం నెగ్గింది. హేజెన్ హిల్ మనిషి ఒప్పుకుంటానని ఓటేశాడు.

ఆయన వచ్చిన మర్నాడే సభ పెట్టాం. బల్లల మధ్య ఒంటరిగా నిలబడ్డాడు. టోపీ చేతిలోనే ఉంది.

"సరే అని వెళ్లావు కదయ్యా?" అన్నాడు డీకన్.

"అన్నాను."

"మరి?"

అంత పొడుగ్గా మాట్లాడగా ఆయన్ని నేను అంతకుముందు చూడలేదు. "అక్కడ నాలుగు వారాలు కూర్చున్నా. మనం అడిగిందే అక్కడ సగం మంది అడిగారు. చివర్లో ఒక దారి దొరికింది. ఇప్పుడు ఒప్పుకుందాం, హక్కులు రాసి చేర్చి తీరాలని ఆ ఒప్పుకోలు కాగితంలోనే గట్టిగా అడుగుదాం అని. ఆ దారి మీరు కాగితం రాసిన రోజు పుట్టనే లేదు. వచ్చి మిమ్మల్ని అడుగుదామంటే దారి పొడుగునా మంచు. కాదంటే దేశం ముక్కలవుతుందనిపించింది. నేను పొరబడి ఉండొచ్చు. కానీ చెయ్యి ఎత్తింది నేనే, ఎవరూ పట్టుకుని ఎత్తించలేదు."

నేను లేచాను. "మేం పంపింది మా మాటని! నీ ఆలోచనల్ని కాదు!"

"అయితే కాగితాన్ని టపాలో పంపాల్సింది, లెమ్యూల్. మనిషికి చెవులుంటాయి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఆయన మీద కాదు, నా మీద. అది నెల రోజులు నన్ను తొలుస్తూనే ఉంది.

మార్చిలో ఊరి ఉద్యోగాలకు మనుషుల్ని ఎన్నుకునే సభ వచ్చింది. మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. పందుల అధికారి పని ఎప్పుడూ ఆ ఏడు కొత్తగా పెళ్లయిన వాళ్లకే కట్టబెడతాం. నేల తవ్వకుండా ముక్కుకి ఉంగరం, కంచె దూరకుండా మెడకి కాడి వెయ్యాలి; అవి లేకుండా తిరిగే పందుల్ని తరిమి పట్టుకుని బందెలదొడ్డిలో తోలడం వాళ్ల పని. కొత్త పెళ్లికొడుకు బురదలో దొర్లుతుంటే ఆడవాళ్లు కిటికీల్లోంచి చూసి నవ్వుకుంటారు.

డీకన్ ఆ ఉద్యోగం పేరు చదవగానే నేను లేచి, "ఈ ఏటి పెళ్లికొడుకు జబ్డీల్ హాస్కెల్! బోస్టన్‌తో పెళ్లయిందిగా!" అని అరిచాను.

మందిరం దద్దరిల్లింది. చేతులన్నీ లేచాయి. అరవై ఒక్క ఏళ్లవాడు, భార్య పోయినవాడు. కాదని తప్పుకుంటాడనీ, తప్పుకుంటే ఇంకో మాట అనొచ్చనీ ఎదురుచూశాను. ఆయన ముందుకొచ్చి, మూడు వేళ్ల చేత్తో బైబిలు పట్టుకుని, కుడిచెయ్యెత్తి ప్రమాణం చేశాడు. గవర్నరు కూడా అంత శ్రద్ధగా చేసి ఉండడు.

పని కూడా అలాగే చేశాడు. మొట్టమొదట తన సొంత పందికే ఉంగరం వేశాడు. తర్వాత డీకన్ పంది. జూన్‌లో, చిత్తడిగా ఉన్న ఒక పొద్దున, నా ఆడపంది కంచె దూరి పక్కవాడి మొక్కజొన్న నాశనం చేస్తుంటే పట్టుకున్నాడు. నేను పరిగెత్తుకెళ్లేసరికి అది దొడ్డిలో అరుస్తోంది. ఆయన గేటుకి ఆనుకుని నిలబడ్డాడు, మోకాళ్ల దాకా బురద.

"ఇరుగుపొరుగు వాళ్లం, పెద్దాయనా. వదిలెయ్. ఉంగరం రేపు వేస్తా."

"ఇవాళ వేసి తీసుకెళ్లు."

"నా మీద కక్ష తీర్చుకుంటున్నావు."

"నీ మీద కక్ష ఉంటే ఈ ఉద్యోగం వద్దనే వాణ్ణి. ఊరు నాకిచ్చిన పని ఇది. చేస్తున్నా."

"బోస్టన్‌లో మాత్రం ఊరు చెప్పింది చెయ్యలేదుగా!"

"అదే నన్ను తింటోంది లెమ్యూల్," అన్నాడు. "ఓటు సరైందే అనుకుంటున్నా ఇప్పటికీ. కానీ మీకు సరే అన్నా కదా. ఆ రెండూ ఒక్క ఒంట్లో ఇమడవు. రాత్రిళ్లు పీపా పలకల్లాగా సర్దుతూనే ఉంటా. ఎక్కడో సందు మిగిలిపోతోంది."

ఆయన్ని ద్రోహి అనుకుంటూ ఇన్నాళ్లూ హాయిగా నిద్రపోయింది నేను. నిద్ర పట్టనిది ఆయనకి. ఆ పూటే ఉంగరం వేసి, పందిని తోలుకుని ఇంటికెళ్లాను. సిగ్గేసింది.

ఆ ఏడు గడిచాక ఆయన్ని ఎవరూ దేనికీ పిలవలేదు. ఆయనా అడగలేదు. తొంభై ఒకటి చివర్లో హక్కులు రాజ్యాంగంలో చేరాయి. మాట్లాడే హక్కు, ప్రార్థన హక్కు, జ్యూరీ ముందు విచారణ జరిపించుకునే హక్కు, ఒక్కొక్కటీ మందిరంలో చదివింది నేనే. వెనక బల్ల మీద ఆయన తల వంచుకుని విన్నాడు. "నేను చెప్పలేదా" అని ఒక్కసారి చూస్తాడేమోనని భయపడ్డాను. చూడలేదు.

మరుసటి మే నెలలో రాష్ట్ర శాసనసభకి మనిషిని ఎన్నుకోవాలి. నేను లేచి జబ్డీల్ హాస్కెల్ పేరు చెప్పాను. నాలుగేళ్ల కింద ఏమని అరిచానో గుర్తుచేసి, తప్పు నాదని అక్కడే ఒప్పుకున్నాను. చేతులు లేచాయి, నెమ్మదిగా, అయినా లేచాయి.

"ఈసారి కాగితం ఇవ్వొద్దు," అన్నాను. "ఆయన తెలివికే వదిలేద్దాం."

జబ్డీల్ లేచాడు. "కాగితం లేకపోతే నేను వెళ్లను."

సభంతా ఆయన వైపు తిరిగింది.

"కాగితం లేనివాడు తిరిగొచ్చి ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. దాటాల్సొస్తే నేను దేన్ని దాటుతున్నానో నాకు తెలియాలి. దాటినవాణ్ణి నిలబెట్టి ఎందుకని అడగడానికి మీ దగ్గర అది ఉండాలి. రాయి లెమ్యూల్."

"దాటితే పందుల అధికారి పని ఖాళీగానే ఉంది," అన్నాడు డీకన్.

"తెలుసు," అన్నాడు జబ్డీల్.

నేను కూర్చుని రాశాను. ఊరి మాటలు ఏడు రాసి, కింద ఎవరూ చెప్పకుండానే ఇంకో వరుస కలిపాను: "వీటిని దాటవలసి వస్తే, తిరిగొచ్చి మా ముందు నిలబడు. పూర్తిగా వింటాం." చదివి వినిపిస్తే ఎవరూ కాదనలేదు. ఆయన కాగితం మడిచి టోపీలో పెట్టుకున్నాడు. ఈసారి సరే అనలేదు. నా చెయ్యి పట్టుకుని, మూడు వేళ్లతో గట్టిగా నొక్కి వదిలాడు.