నాయిన చదవని నంబరు

ఇంటర్‌లో ఉండగా జూలూరుపాడు నుంచి ఖమ్మంలో విలువిద్య పోటీకి, నాయిన చేసిన వెదురు విల్లుతో, ఆయన వెంటే వెళ్లాను. చిన్న నంబరైతే మెత్తగా ఉంటుందనుకుని మూడొందల నంబరు కార్బన్ బాణాలు కొన్నాను. ప్రాక్టీసులో తొలి బాణమే పక్కమ్మాయి గురిబల్లకు గుచ్చుకుంది. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

నాయిన బాణాన్ని వంచి చూశాడు. "గిది వంగుతలేదు బిడ్డా. మన విల్లుకు మెత్తటిది గావాలె."

పక్కమ్మాయి తన బాణాలు చూపించింది. నాయిన ఒక్కొక్కటే వంచి, "అవ్, గిదే" అంటూ ఒకటి అందించాడు. దాని మీద ఆరొందలని ఉంది. నంబరు పెరిగేకొద్దీ బాణం మెత్తనని అప్పుడు తెలిసింది. వేశాను. గురిబల్ల నట్టనడుమ పసుపు వలయంలో దిగింది!

ఆ అమ్మాయి కోచ్ పరుగున వచ్చాడు. "నంబరు ఎట్ల తెల్సిందన్నా?"

"నంబరేంది సారూ?" అన్నాడు నాయిన.

ఆ పోటీలో నాకు పతకం రాలేదు. ఈ మాట ఎవరికి చెప్పినా మాత్రం, వచ్చినట్టే ఉంటుంది.