నరం కాదు, సిర

మా చెల్లెలు పోయింది. పొద్దున కాఫీ తాగుతుండగా మేనకోడలు ఫోన్ చేసి, "మామా, అమ్మ లేవలేదు" అంది. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. అయినా చెన్నై వ్యాసర్‌పాడిలో వాళ్ళ మూడో అంతస్తు ఇంటికి మెట్లెక్కి వచ్చిన బంధువులు ఒకరి చెవిలో ఒకరు వేరే మాట చెప్పుకున్నారు: "నరాల జబ్బు కదా, కాల్లో నుంచి పాకి గుండెకు పట్టింది." అచ్చాఫీసులో తప్పులు దిద్ది బతికినవాణ్ణి. ఈ తప్పును దిద్దకుండా వదలను. మా చెల్లెలి జబ్బు నరాలది కాదు.

టి. నగర్‌లో ఒక పెద్ద చీరల దుకాణంలో, నూలు చీరల కౌంటరు వెనక తన వయసంతా నిలబడింది. కౌంటరుకూ అరలకూ మధ్య మనిషి పక్కకు తిరిగితే పట్టేంత సందు. అన్నానికి తప్ప అందులోంచి బయటికి వచ్చేది కాదు. ఒకసారి నేను వెళ్ళినప్పుడు కొనేవాళ్ళెవరూ లేక, చీరల కట్టకు కాస్త ఆనుకుంది. ఎక్కడి నుంచి చూశాడో, సూపర్‌వైజరు వచ్చాడు.

"ఏమ్మా, పెండ్లికొచ్చినావా? తాంబూలం కూడా తెచ్చియ్యాల్నా?"

అందరూ నవ్వారు. మా చెల్లెలూ నవ్వింది. ఆ నవ్వును నేను మరిచిపోలేదు, ఆ మనిషిని క్షమించనూ లేదు. తర్వాత, దుకాణాల్లో పనివాళ్ళు కూర్చునే వీలుండాలని చట్టం వచ్చింది. కౌంటరు వెనకకు స్టూళ్ళూ వచ్చాయి. వాటి మీద చీరలు పేర్చారు.

ఆ జబ్బు దొంగలా రాలేదు. సాయంత్రానికి కాళ్ళు ఇసుక నింపినట్టు బరువెక్కేవి. చెప్పుల పట్టీ అచ్చు పాదంలో దిగబడేది. మోకాలి వెనక నీలంగా ఏదో మెలికలు తిరిగి ఉబ్బింది. దురద మొదలైంది. చీలమండకు లోపలి వైపు చర్మం డికాక్షన్ రంగుకు తిరిగింది. చివరికి అక్కడే పుండు పడి, ఏ పూతకూ మానలేదు. "నిలబడేవాళ్ళకి కాళ్ళుంటాయని ఎవురికీ గుర్తుండదు అన్నా" అనేది, అదేదో వేరే వాళ్ళ సంగతైనట్టు.

ఇక్కడ మన భాష మా చెల్లెల్ని దెబ్బతీసింది. చేతి మీద పచ్చగా కనపడేదాన్నీ నరమే అంటాం, చురుక్కుమంటే కబురు మోసుకెళ్ళేదాన్నీ నరమే అంటాం. తమిళంలోనూ అంతే, రెండూ నరంబే. అందుకే దాని భర్త మందుల షాపులో నరాల బలానికని మాత్రలు కొని మింగించాడు, ఏళ్ళ తరబడి.

పుండు ముదిరాక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ కాలికి జిగురులాంటిది రాసి స్కాన్ చేసి, తమిళంలో విడమరిచి చెప్పింది. కాళ్ళలోంచి పైకెక్కే రక్తం కిందికి జారకుండా దారిలో చిన్న తలుపులుంటాయి. ఈమెకు అవి మూసుకోవడం లేదు. పాడైన దారిని లేజరుతో లోపలే మూసేస్తే రక్తం మంచి దారుల్లో పోతుంది, ఆ రోజే నడవొచ్చు. అంత చెబితే, మా చెల్లెలి భర్త పట్టుకున్నది ఒక్క మాట: నరంబు.

"నరం కాల్చేస్తే కాలు పడిపోతాది. అప్పుడు దీన్ని ఎవురు ఎత్తి కూసోబెట్టేది, నువ్వా బావా?"

"అది నరం కాదయ్యా, సిర. రక్తం మోసేది."

"సిరా? అది ఏ ఊరి మాట? పుస్తకాలు చదివి చదివి నీకు మనుషుల మాట మరిచిపోయినట్టుండాది."

అతను దుర్మార్గుడు కాడు. తెలియనిది తెలుసనుకునే మనిషి. దుర్మార్గుడితోనైతే పోట్లాడవచ్చు.

పుండుతో నిలబడలేక పని మానేసింది. మూడో అంతస్తులో మంచం మీద పడింది. పొద్దున కాలు కింద పెట్టకముందే వేళ్ళ దగ్గర నుంచి మోకాలి దాకా సాగే బ్యాండేజి బిగించి చుట్టుకోవడం, తర్వాత దిండ్ల మీద కాలెత్తి పడుకోవడం. "ఇన్నాళ్ళకి నా కాలు నా తలకన్నా పైకొచ్చిందన్నా" అని నవ్వించేది. మరో రోజు నవ్వకుండా అంది: "పుండు ఒకపక్క, మెట్లు ఒకపక్క, ఈయన ఒకపక్క. ఆ కౌంటరే మేలు. ఆడ మనుషులన్నా కనపడేవాళ్ళు."

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి అడిగింది: "అన్నా, ఆ మాటేంది? ఇంకోసారి చెప్పు."

"సిర."

నోట్లో తిప్పి చూసుకుంది. భర్త రాగానే, నా ముందే మొదలుపెట్టింది.

"ఇదో చూడయ్యా. వాళ్ళు మూసేది నరాన్ని కాదంట. సిరనంట. నరం జోలికే పోరంట. సిర గురించి నీకేమన్నా తెలుసా?"

అతను గడ్డం గోక్కున్నాడు. "సిరైతే సరేలే" అన్నాడు.

మేనకోడలు ఆ వారమే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. సాయంత్రానికి మా చెల్లెలు నడిచింది. పుండు పూడటానికి మాత్రం నెలలు పట్టింది, పూడింది. బతుకంతా నేను దిద్దిన అక్షరాల్లో ఒక మనిషి కాలికి పనికొచ్చినవి ఈ రెండే. వాటిని పనిలో పెట్టింది అది. అందుకు దానికి చేతులెత్తి మొక్కాలి.

పుండు పూడగానే భర్త అన్నాడు, "కాలు బాగైంది కదా, దుకాణంలో మళ్ళా అడగరాదా?" అది ఆసుపత్రిలో ఇచ్చిన బిగుతు మేజోడు మెల్లగా మోకాలి దాకా లాక్కుని, "అన్నా, టి. నగర్ పోదాం దా. ఈసారి కొనేదానికి" అంది.

పాత దుకాణానికి పోలేదు, వేరేదానికి పోయాం. కుర్చీలో దర్జాగా కూర్చుంది. అవతల ఒక పిల్ల చీర మీద చీర విప్పుతోంది. రెండో చీరకే మా చెల్లెలి చూపు కిందికి పోయింది. ఆ పిల్ల ఒక పాదంతో రెండో పిక్కను రుద్దుకుంటోంది.

"కూసోమ్మా. కూసోని చూపీ, పరవాలేదు."

"వద్దులే అక్కా" అంటూ ఆ పిల్ల మా వెనక ఎవరికోసమో చూసింది.

మా చెల్లెలు కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. మిగిలిన చీరలన్నీ నిలబడే చూసింది. ఇద్దరి మధ్యా రంగులు గుట్టగా పెరుగుతున్నాయి. ఖాళీ అయిన ఆ కుర్చీలో కూర్చోవడానికి నాకూ మనసు రాలేదు.