సూదులు పూర్తయ్యేదాకా

సిరిసిల్లలో మా చిన్నమ్మ ఇంట్లో పుట్టిన కుక్కపిల్లను కోరుట్లకు తెచ్చుకుంటున్న రోజు, బస్సులో ఎవర్ని చూసినా అనుమానమే. ఒడిలో కూరగాయల బుట్ట, బుట్టలో పాత చీర ముక్క, దాని మీద అది. పక్క సీటు ఆవిడ ముద్దొస్తోందని చెయ్యి పెట్టబోయింది. వద్దని అనలేక బుట్టను కిటికీ వైపు తిప్పుకున్నాను. ఆ చెయ్యి అంతకుముందు ఏ కుక్కను నిమిరి వచ్చిందో!

పశువుల దవాఖానలో చూపించడానికే జగిత్యాల మీదుగా వచ్చాను. డాక్టరమ్మ మొదటి సూది వేసి, నా ముఖం చూసి నెమ్మదిగా చెప్పింది.

"ఒక్క సూది వడ్డదని రోడ్డు మీద ఇడువకు. అన్ని సూదులు అయిపోయి, ఇంకో వారం పది రోజులు గడిచేదాకా దీని కాళ్లు బయట నేలకు తగలొద్దు. రక్తం విరేచనాల రోగముంటది సూడు, అది మట్టిల నెలలకు నెలలుంటది. రోగమున్న కుక్కనే రావాలని లేదు, చెప్పులకంటుకొని గూడ ఇంట్లకస్తది. గట్లని మూసి పెట్టకు. ఎత్తుకొని తిప్పు, డాబా మీద ఆడిపియ్యి. లోకం సూడకుంట పెరిగితె పిరికిదైతది."

లోకాన్ని చూస్తూ పెరిగినా పిరికిదైన మనిషే ఎదురుగా కూర్చుందని ఆమెకు తెలియదు.

బస్టాండులో చేతులు లాగేస్తున్నా బుట్టను కింద పెట్టలేదు. బెంచీ కింద ఒక వీధికుక్క పడుకుని ఉంది. దాన్ని చూస్తూనే మా బస్సు వచ్చేదాకా నిలబడ్డాను.

మా అమ్మ బీడీలు చేస్తుంది. మా వరండాలో నీడ బాగుంటుందని, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక వాడకట్టు ఆడవాళ్లు కూడా చాటలు పట్టుకుని, తడిబట్టలో చుట్టిన తునికాకు కట్టలతో వచ్చి కూర్చుంటారు. మెట్ల దగ్గర చెప్పులు విడుస్తారు. అదివరకు నేను ఆ చెప్పుల వైపు కన్నెత్తి చూసింది లేదు. ఇప్పుడు ప్రతి జత ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందోనని కిటికీలోంచి చూస్తూ కూర్చునేదాన్ని.

అన్నిటికన్నా ఎక్కువ అనుమానం పెద్దవ్వ చెప్పుల మీద. పెద్దవ్వ మాకు చుట్టం కాదు, వాడ చివరి ఇంటి ఆమె. వయసును బట్టి అలా పిలుస్తాం. ఆమె కుక్క ఈనిన పిల్లలన్నీ వానలకు ముందు రక్తం విరేచనాలతో పోయాయి. వస్తూనే ఆమె అడిగేది మా కుక్కపిల్లనే.

"ఏదే నీ బుజ్జిది? ఇటియ్యి, జర ఎత్తుకుంట."

నిద్రపోతోందని చెప్పేదాన్ని. లోపల్నుంచి అది కుయ్యిమనేది.

"నిద్రల గూడ మాట్లాడుతదానే, నీకంటె నయమే!" అని ఆమె నవ్వేది.

ఆమె వెళ్లాక అమ్మ ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని దానికి దిష్టి తీసేది. పిల్లలు పోయిన ఇంటి మనిషి కళ్లు అలా అతుక్కుంటే మంచిది కాదట. అమ్మ అనుమానం ఆమె కళ్ల మీద, నాది ఆమె చెప్పుల మీద. ఇద్దరం ఒక్క మాటా పైకి అనలేదు.

ఒకరోజు పెద్దవ్వ చంకలో మడిచిన గోనెసంచి పెట్టుకుని వచ్చింది. తంబాకు వచ్చే సంచి. మా వైపు వాటిని కుక్కలకు పరుస్తారు.

"దీని మీద పండవెట్టు బిడ్డా. తంబాకు వాసనకు దాని ఒంటికి గోమార్లు వట్టయి."

"ఎక్కడిది పెద్దవ్వా?"

"మా కుక్కకేసిందే. పిల్లలు వోయినంక అది దీని మీద పండుతలేదు. మంచిగ ఎండకేసి తెచ్చిన."

ఇన్నాళ్లూ మనసులో కూడబెట్టుకున్న మర్యాద మాటల్లో ఒక్కటీ ఆ క్షణాన దొరకలేదు.

"వద్దు. దీని మీద నీ కుక్కపిల్లలు సచ్చినయి గద."

ఆకులు కత్తిరిస్తున్న కత్తెరలు ఆగిపోయాయి.

"అదేం మాటనే!" అంది అమ్మ.

"కుక్కను గూడ తన కాలేజీల చేర్పిస్తదేమో, గందుకే గింత పైలం," అని ఎవరో నవ్వించబోయారు. ఎవరూ నవ్వలేదు.

మొదలుపెట్టాక ఆపలేకపోయాను. "సూదులు అయిపోయేదాకా దాన్ని ముట్టుకోవద్దు పెద్దవ్వా. చెప్పులు గేటు అవుతల ఇడువాలె."

"సూది వడ్డదంటివి గదనే?"

"ఒక్కటే వడ్డది."

పెద్దవ్వ సంచిని మళ్లీ మడిచింది. "మా అత్తను మీ తాత ఇంటి ముంగట గిట్లనే నిలవెట్టేటోళ్లట. ముట్టకుంట, దూరంకెంచి దోసిట్ల నీళ్లు పోసేటోళ్లట. ఇన్న గని సూడలేదు. ఇయ్యాల సూసిన."

ఆమె అత్త మా తాత పొలంలో కూలి చేసిందని నాకు తెలుసు. అదీ ఇదీ ఒకటి కాదని చెప్పాలనుకున్నాను. నోరు తెరిచేసరికి ఆమె చాట పట్టుకుని గేటు దాటింది.

మర్నాటి నుంచి గేటు బయట బ్లీచింగ్ నీళ్ల బకెట్ పెట్టాను, చెప్పుల అడుగులకు. కాళ్లకు సబ్బు, చెంబుతో నీళ్లు. ఎవరైనా సరే, కడుక్కునే లోపలికి రావాలి. దవాఖాన అయిందని ఎగతాళి చేస్తూనే అందరూ కడుక్కున్నారు. పెద్దవ్వ మాత్రం రాలేదు. కుక్కపిల్లను డాబా మీద ఆడిస్తూ ఆమె ఇంటి వైపు చూసేదాన్ని. ఆ సంచి ఏమైంది? గాలికి ఇటు రాదు కదా? దాని వెనకే ఇంకో అనుమానం వచ్చేది: ఆ మాట నేను వేరే ఎవరితోనైనా అలాగే అనేదాన్నా?

చివరికి ఒక సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లాను. మంచం మీద కూర్చోమంది. చాయ్ ఇచ్చింది, తాగాను. ఆమె కుక్క వచ్చి నా పాదాలు వాసన చూసింది. కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

"అందరి చెప్పులు కడుగుతున్నం పెద్దవ్వా. అమ్మ చెప్పులు గూడ."

"కడుగుండ్రి. నాకెందుకు జెప్పుతున్నవు?"

"ఆ సంచి..."

"కాలవెట్టిన. అవి సచ్చిన జాగల సున్నం గూడ సల్లిన. నేనేమన్న ఎర్రిదాన్నానే?"

ఖాళీ గ్లాసు కింద పెట్టి లేచాను. తిరిగొచ్చి గేటు దగ్గర చెప్పులు బకెట్‌లో ముంచి, సబ్బుతో పాదాలు రుద్దుకుంటూ తలెత్తాను. ఎదురుగా పెద్దవ్వ. నేను మంచం మీద మరిచిపోయిన ఫోన్ ఆమె చేతిలో ఉంది.

"మా ఇంట్లకెంచి అచ్చి కడుక్కుంటున్నవా?"

"అవు పెద్దవ్వా. నీ కుక్క నా కాళ్లు వాసన జూసింది. కాలేజీకెంచి అచ్చినా గిట్లనే కడుక్కుంట."

ఆమె ముఖంలో నమ్మినట్టు ఏమీ కనిపించలేదు. అప్పుడే అమ్మ కిరాణా కొట్టు నుంచి వచ్చింది. మమ్మల్నిద్దర్నీ సరిగ్గా చూడనైనా చూడకుండా చెప్పులు బకెట్‌లో ముంచి, చీర కొంచెం ఎత్తి పాదాలు ముందుకు చాపింది.

"పొయ్యవే జల్ది. ఎసరు పెట్టాలె. గీ కుక్క ఏమో గని నా కాళ్లు నానుతున్నయి."

పోశాను. పెద్దవ్వ అమ్మ పాదాల వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఫోన్‌ను గోడ మీద పెట్టింది.

"పిల్లను తీస్కరా. ముట్ట. గీడికెంచే సూస్త."

లోపలికి వెళ్లి కుక్కపిల్లను ఎత్తుకొచ్చి మెట్ల మీద నిలబడ్డాను. గేటు అవతల పెద్దవ్వ చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది. దాన్ని పైనుంచి కిందిదాకా చూసి, నా వైపు కళ్లు చిన్నవి చేసింది.

"గింత బక్కగున్నదేందే? కడుపుకు ఏమన్న వెడుతున్నవా, ఉత్త కడుగుడేనా?"