అయిదో సెన్సర్‌కు జ్వరం

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. యంత్రం వింతగా ప్రవర్తించిందంటే కరెంటో, బ్యాటరీయో, సిగ్నలో పాడై ఉంటుంది. ఇప్పటికీ అదే అంటాను, ఈ ఒక్క సంగతి మినహాయించి.

కువైట్‌కు వచ్చిన కొత్తలో షర్క్ అనే పేటలోని ఒక చేపల వ్యాపారి కోల్డ్ స్టోరేజీలో పని చేశాను. నాలుగు గదుల్లో చలి ఎంతుందో చెప్పే నాలుగు వైర్‌లెస్ సెన్సర్లు పెట్టాలి. వాటికోసం కంప్యూటర్ కొనడానికి యజమాని ఒప్పుకోలేదు. అందుకని మామూలు వైఫై రౌటర్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి, వేరేది ఎక్కించి, సెన్సర్ల ప్రోగ్రామును దాంట్లోనే నడిపించాను. ఏ గదిలోనైనా చలి తగ్గితే బజర్ మోగుతుంది.

రౌటర్‌కు తగిలించిన చిన్న తెరమీద నాలుగు అంకెలు రావాలి. అయిదు వచ్చాయి. నాలుగూ మైనస్ పద్దెనిమిది దగ్గరున్నాయి. అయిదోది ముప్పై ఏడు.

పక్క షాపులవాళ్లదేమోనని ల్యాప్‌టాప్ పట్టుకుని వీధంతా తిరిగాను. అలాంటిది ఎవరి దగ్గరా లేదు. రౌటర్ వేడేమోనని దాని చుట్టూ ఐసు పేర్చాను, అంకె కదల్లేదు. యాంటెనా ఊడదీస్తే నాలుగూ మాయమయ్యాయి, అయిదోది మాత్రం ఉంది. అంతా చెరిపేసి సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాను. అందరికన్నా ముందు అదే వచ్చి కూర్చుంది.

ఒకరోజు ముప్పై తొమ్మిది చూపించింది. స్టోర్ చూసుకునే ఓబులేసుది కడప వైపు. తెరకేసి చాలాసేపు చూశాడు.

"సార్, దీనికి జరమొచ్చిండాది."

"యంత్రానికి జ్వరమేంటండీ?"

"ఏమో సార్. మనిషికి ఇంత ఒళ్లు కాలితే జరమనే అంటాం గదా."

నేను భోంచేసి వచ్చేసరికి రౌటర్ ముందు గ్లాసుడు నీళ్లు, ఒక జ్వరం మాత్ర ఉన్నాయి. అంకె ముప్పై ఏడుకు, మనిషి మామూలు ఒంటి వేడికి, దిగింది. నవ్వాను గానీ, ఆ మాత్ర తీసేయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం బజర్ మోగింది. అయిదోది నలభై ఒకటి. దాన్ని నేను బజర్‌కు కలపనే లేదు. ఓబులేసు మాత్ర కోసం పెద్ద గది పక్కనున్న తన సంచి వైపు పరుగెత్తాడు. అక్కడ గది తలుపు కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. కంప్రెసర్ ఆగిపోయి ఉంది. తెరమీద నాలుగు అంకెలూ కదలకుండా మైనస్ పద్దెనిమిది దగ్గరే బిగుసుకుపోయాయి. ఇంకాస్త ఆలస్యమైతే చేపంతా పాడయ్యేది, వీసా ఇచ్చిన మా కఫీల్ నన్ను ఇంటికి విమానం ఎక్కించేవాడు.

యజమాని వచ్చి అంతా విన్నాడు. తనకొచ్చిన హిందీలో అరబ్బీ కలిపి, "ఈ నాలుగూ ఖలాస్, పనికిరావు. అన్నీ అయిదోదానిలాంటివే పెట్టు, యల్లా, తొందరగా," అన్నాడు. అసలది లేనే లేదని ఆయనకు ఎలా చెప్పను?

కొన్నాళ్లకు రౌటర్ కాలిపోయింది. అదే రకం రౌటర్ తెచ్చి అదే సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. నాలుగే వచ్చాయి. పనిచేసే ఒక్క సెన్సర్‌నీ నేనే పట్టుకుపోయానని యజమాని అనుమానించాడు. వారంటీలో కొత్తది తెచ్చిపెట్టమని పట్టుబట్టాడు.

ఓబులేసు మాత్రం తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పోయిండాది సార్, పాపం."

ఏం పోయిందో నాకు ఈ రోజుకీ తెలియదు.