పసుపు రంగు కింద అతుకు

తొంభైల చివర్లో, నర్సీపట్నంలో ఉండగా జరిగింది. పొలాలు చదును చేసే పని బాగా దొరుకుతోందని, మాకున్న కాస్త భూమి అమ్మి పాత బుల్డోజర్ కొనాలనుకున్నాం. మెకానిక్ అయిన మా తమ్ముడు మాకవరపాలెంలో ఓ బండి చూపించాడు.

"కొనేడం గొప్ప కాదక్కా, రిపేర్లే తినేస్తాయి. దీనికైతే పెద్ద ఖర్చుండదు. నేను సూసాను కదా, బయమేటి?" అన్నాడు.

మావారు తటపటాయించినా నేనే పట్టుబట్టి కొనిపించాను.

బండి ఇంటికొచ్చిన రోజు పాస్టరు గారు ప్రార్థన చేశారు. అందరం బండి మీద తలో చెయ్యీ వేశాం. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది తమ్ముడే.

నెల తిరక్కుండానే కొయ్యూరు దగ్గర కొండవాలులో పని చేస్తుండగా, బ్లేడును మోసే ఇనుప దూలం ఫెళ్లున విరిగింది. బండి ఒరిగిపోతుంటే మావారు దూకేశారు. అప్పుడే క్యారేజీ తీసుకెళ్లిన నేను దాన్ని అక్కడే పడేసి పరిగెత్తాను. మనిషి దక్కాడు. విరిగిన చోట కొత్త పసుపు రంగు ఊడి, పాత వెల్డింగ్ బయటపడింది.

మర్నాడే వెళ్లి అమ్మినాయన్ని నిలదీశాను. ఆయన వింతగా చూశాడు.

"ఆ వెల్డింగ్ ఎట్టింది మీ తమ్ముడే కదమ్మా! కమీషనూ అట్టుకెళ్లాడు. మీకు సెప్పనేదేటి?"

తిరిగొచ్చే దారిలో నాకు ప్రార్థన రోజు కళ్లముందు మెదిలింది. అంత బండి ఉండగా, తమ్ముడు అరచెయ్యి ఆన్చింది సరిగ్గా ఆ అతుకు మీదే.

ఇప్పటికీ ఎవరైనా గట్టిగా ఆమెన్ అంటే, కళ్లు తెరిచి వాళ్ల చేతులకేసి చూస్తాను.