నా పరదేశం బెజవాడ

నేను పుట్టి పెరిగింది రంగూన్‌లో. మా నాన్న కృష్ణా జిల్లాలోని ఒక నేతగాళ్ల ఊరి నుంచి కుర్రతనంలో ఓడెక్కి వెళ్లి, అక్కడ ఒక బట్టల కొట్లో గుమాస్తాగా కుదిరాడు. టీచరు ట్రైనింగు కోసం నన్ను బెజవాడ పంపినప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. చదువు పూర్తి కాగానే ఇంటికి తిరిగి వెళ్లిపోవాలన్నది మా ఏర్పాటు. నేను వచ్చిన కొన్ని నెలలకే రంగూన్ మీద బాంబులు పడ్డాయి. ఓడలు ఆగిపోయాయి, అమ్మ దగ్గర నుంచి ఉత్తరాలూ ఆగిపోయాయి. బాంబుల భయం బెజవాడకీ పాకి ట్రైనింగు స్కూలు మూసేశారు.

"పోన్లేమ్మా, వేళకి సొంతదేశం వచ్చి పడ్డావు" అనేవారు అందరూ. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. నేను సబ్బుని సాబూన్ అంటే నవ్వేవాళ్లు, చెప్పులేసుకుని వాకిట్లో ముగ్గు తొక్కానని కేకలేసేవాళ్లు, రంగూన్‌ని ఇక్కడ రంగం అంటారు కాబట్టి వీధిలో పోతుంటే రంగం పిల్ల అని వేలు పెట్టి చూపించేవాళ్లు. ఇందులో సొంతదేశం ఎక్కడుంది? "నాది రంగూనండీ. ఇది నాకు పరదేశం" అని మొహం మీదే చెప్పేదాన్ని. పొగరుబోతన్న పేరు అప్పుడే వచ్చింది. దాన్ని పోగొట్టుకోవాలని నేనెప్పుడూ ప్రయత్నించలేదు.

బర్మా నుంచి కొండల మీదుగా నడిచి వచ్చినవాళ్లని కలకత్తా వైపు నుంచి రైళ్లలో పంపుతున్నారు. వాళ్లకి బెజవాడ స్టేషన్లో గంజీ మజ్జిగా పొయ్యడానికి ఊళ్లో పెద్దలు ఒక సంఘం పెట్టారు. వలంటీర్లు కావాలంటే వెళ్లి చేరాను. బర్మా మాటా హిందుస్తానీ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. గవర్నర్‌పేటలో సంఘం ఆఫీసు వెనక గది ఇచ్చి, జాకెట్టుకి పెట్టుకోమని గుడ్డ బిళ్ల ఒకటి ఇచ్చారు. దేశసేవ కోసం చేరానని అందరూ అనుకున్నారు. నిజానికి రైలు ఆగగానే నేను ముందు అడిగేది గంజి కావాలా అని కాదు, మా వీధి పేరు చెప్పి, అక్కడి వాళ్లెవరైనా ఉన్నారా అని. ఎప్పుడూ ఎవరూ లేరు. సరే, అడిగాక ఊరికే తిరిగి రాలేను కదా, గిన్నె ముంచి గంజి పోసేదాన్ని.

అక్కడే ఆవిడ పరిచయమైంది. కొల్లేరు లంకల నుంచి చేపల గంపతో పొద్దున్నే గుడివాడ లైను బండిలో దిగే మనిషి. నలభై ఏళ్లుంటాయి, గొంతు మాత్రం ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకి వినిపించేది. ఒకరోజు గంజి డేగిసా ఎత్తలేక నేను అవస్థ పడుతుంటే గంప కింద పెట్టి వచ్చింది.

"తప్పుకో పిల్లా! సన్నపు చేతులేసుకుని ఏం మోస్తావు? తిన్నావా అసలు పొద్దున?"

"తినలేదు."

"మరి వాళ్లకేం పెడతావు? ముందు నువ్వు తాగు."

ఆ రోజు నుంచి గంప అమ్ముడయ్యాక రోజూ ఓ గంటసేపు వచ్చి నీళ్లు మోసేది. నాలుగో రోజున మా కార్యదర్శి గారు నన్ను పక్కకి పిలిచారు. ఆయన ప్లీడరు. చెడ్డవారు కాదు, ఆ సంఘం నడుస్తున్నదే ఆయన తిరుగుడు వల్ల.

"చూడమ్మా, ఆవిడ చేత మంచినీళ్లు ముట్టించకు. రైల్లో అన్ని కులాల వాళ్లూ ఉంటారు. నలుగురూ నాలుగు మాటలంటారు."

"ఆవిడ చేతి నీళ్లు వద్దన్నవాళ్లని నాకొక్కరిని చూపించండి. వాళ్ల నీళ్లు నేను కాలవ నుంచి విడిగా మోసుకొస్తాను."

ఆయన రైలు కిటికీల వెంబడి చూసుకుంటూ నడిచారు. నెలరోజులు నడిచి వచ్చినవాళ్లు గిన్నె ఎవరు ముంచారో చూడలేదు. ఆయన వెళ్లిపోయారు.

ఆ వేసవిలోనే ఒక బర్మా అమ్మాయి దిగింది. నా కంటే నాలుగైదేళ్లు పెద్దది. చంకలో మూడేళ్ల కూతురు. పెళ్లాడిన మనిషి మన తెలుగువాడే, మిల్లులో పనిచేసేవాడు. కొండదారిలో జ్వరం తగిలి పోయాడు. పోతూ పోతూ తన ఊరి పేరు ఆమె చేత పదిసార్లు పలికించాడట. ఆమె దాన్ని బర్మా యాసలో ఎలా పలికిందంటే, అది ఏ ఊరో తేల్చడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది. కూచిపూడి దాటాక వచ్చే మరో నేతగాళ్ల ఊరు.

పేర్లు రాసుకునే గుమాస్తా ఆమెని ఎగాదిగా చూసి కలం పక్కన పెట్టాడు. "మనవాళ్ల పేర్లేనమ్మా రాయమన్నారు. ఈవిడ మన మనిషి కాదుగా."

"నేనూ కాదు. నా పేరు రాసుకున్నారుగా?" అన్నాను. అయినా అతను రాయలేదు. ఆమెని నా గదికి తీసుకొచ్చాను.

రెండు రోజులు ఆమె అన్నం ముట్టలేదు. సాంబారు వాసన పడలేదు, మజ్జిగ చూస్తే మొహం తిప్పుకునేది. మూడో రోజు చేపలావిడ చూడ్డానికి వచ్చింది. ఆవిడ కొంగుకి కట్టుకున్న రొయ్యపొట్టు మూట వాసన తగలగానే ఈ బర్మా పిల్ల లేచి కూర్చుని "అమా!" అంది. బర్మా మాటలో అమా అంటే అక్క. చేపలావిడకి అదేం తెలుసు? "వచ్చె తల్లీ, వచ్చె. అమ్మనే" అంటూ కూలబడి, రొయ్యపొట్టు వేయించి, అన్నంలో కలిపి ముద్దలు పెట్టింది. ఆ పిల్ల తింటూ ఏడ్చింది. నేనూ రెండు ముద్దలు తిన్నాను. మా ఇంటి వాసన వేసింది.

వారం తర్వాత ముగ్గురం పాపని తీసుకుని ఆ ఊరికి బయల్దేరాం. పామర్రు దాకా, పెట్రోలు కరువై బొగ్గుతో నడిపే బస్సు, అక్కడి నుంచి నడక. అత్తగారు అరుగు మీద రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. కొడుకు పోయిన సంగతి నేనే చెప్పాను. రాట్నం ఆపింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఈలోపు చుట్టుపక్కల వాళ్లంతా మూగారు.

"ఈ పెళ్లి నేను చెయ్యలేదు. ఎవతినో తీసుకొచ్చి కోడలంటే ఎట్టా?" అంది.

"పాప మొహం చూడండి. మీ అబ్బాయి పోలికలు మీకు తెలియవా?"

ఆమె చూసింది. చూసి, జనంలో ఉన్న పెద్దమనుషుల వైపు తిరిగింది. వాళ్లు తలలు అడ్డంగా ఊపారు. "నాకు తెలియదు" అంది. రాట్నం మళ్లీ తిరిగింది.

చేపలావిడ ఆ వీధంతా వినేట్టు అరిచింది. "తెలుసు! నీకు తెలుసు! తెలిసే కాదంటున్నావు!" ఆ ఊళ్లో మాకెవరూ మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. తిరుగుదారిలో కాలవలో దిగి తాగాం. బర్మా పిల్ల పాపకి దోసిలితో నీళ్లు పట్టింది. ఏం జరిగిందో భాష రాకపోయినా అర్థమైనట్టుంది.

తిరిగి వచ్చేసరికి కార్యదర్శి గారు ఆఫీసులో కూర్చుని ఉన్నారు. ఎండుచేపల కంపు వీధిలోకి వస్తోందని పక్క కొట్లవాళ్లు చెప్పారట. పరాయి దేశపు మనిషిని ఉంచితే పోలీసులు వస్తారన్న భయం కూడా ఉంది ఆయనకి.

"ఆమెని పంపించెయ్యమ్మా. నువ్వుండు."

"ఎక్కడికి పంపమంటారు?"

"అయితే బిళ్ల ఇచ్చేసి నువ్వూ వెళ్లు" అన్నారు, కొంచెం బాధగానే.

బిళ్ల విప్పి బల్ల మీద పెట్టాను. మర్నాడు పొద్దున మామూలు వేళకే స్టేషన్‌కి వెళ్లి గంజి గిన్నె పట్టుకున్నాను. ఆయన చూశారు. బర్మా మాట వచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు, ఏం చేస్తారు? బిళ్ల లేకుండానే మూడేళ్లు ఆ పని చేశాను.

చేపలావిడ బందరు కాలవ గట్టున తమవాళ్లు గంపలు పెట్టుకునే పాక ఒకటి మాకు ఇప్పించింది. తాటాకు కప్పు, వానొస్తే లోపలా వానే. అక్కడే బర్మా పిల్ల పని మొదలుపెట్టింది. సన్న రొయ్యల్ని ఎండబెట్టి, ఉప్పేసి రోట్లో దంచి, కుండల్లో కుక్కి, మూతి కట్టి వారాల తరబడి మాగనిచ్చేది. అదే నప్పి. బర్మాలో అది లేకుండా ఏ ఇంట్లోనూ అన్నం దిగదు. మొదటి కుండ మూత తీసినరోజు చేపలావిడ, పుట్టింది మొదలు చేపల మధ్యే బతికిన మనిషి, ముక్కు మూసుకుని గట్టెక్కి పారిపోయింది. "ఓసి నీ దుంపతెగ! ఇది తింటారటే?"

తిన్నారు. బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఎన్ని ఊళ్లలో ఉన్నాయో నాకు అప్పటిదాకా తెలియదు. వెతుక్కుంటూ పాక దగ్గరికి వచ్చేవాళ్లు. ఇళ్లలో వండితే ఊరుకోరని కొందరు మా దగ్గరికే అన్నం తెచ్చుకుని నంజుకుని తినేవాళ్లు. గట్టున కూర్చుని బర్మా మాటల్లో కబుర్లాడుకునేవాళ్లు. ఏడాది తిరిగేసరికి బర్మా పిల్లకి తెలుగు వచ్చింది. చేపలావిడ దగ్గర నేర్చుకున్న తెలుగు కాబట్టి ఆమెతో బేరమాడి గెలిచినవాళ్లు లేరు.

ఒకరోజు మధ్యాహ్నం అత్తగారు వచ్చింది. ఒంటరిగా, బస్సులో. పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని తల నిమిరింది.

"పిల్లని తీసుకెళ్తా. మా ఇంటి బిడ్డ. తల్లిని మావాళ్లు రానియ్యరు."

నేను నోరు తెరవబోయాను. బర్మా పిల్ల చేత్తో నన్ను ఆపింది.

"ఇవ్వను. మీవాళ్లు రమ్మన్నా నేనూ రాను. చూడాలంటే నువ్వే రా. కూకో, అన్నం తిను" అంది.

ముసలామె పాపని తల్లికి అందించింది. అన్నం మాత్రం తినలేదు. సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది. ఇక రాదనుకున్నాం. మళ్లీ నెల వచ్చింది, పాపకి తను నేసిన చిన్న పరికిణీ గుడ్డతో. ఈసారి ఎవరినీ ఏమీ అడగలేదు. రొయ్యపొట్టుతో అన్నం తిని వెళ్లింది. ఆ తర్వాత నెల నెలా వచ్చేది.

యుద్ధం ఆగాక అమ్మ ఉత్తరం వచ్చింది. నాన్న పోయారు. అమ్మ మా వీధిలోనే ఉంది. ఓడలు తిరగడం మొదలుపెట్టగానే వెళ్లాలని నిశ్చయించుకున్నాను. "నువ్వూ రా, నీ దేశం కదా" అన్నాను బర్మా పిల్లతో. ఆమె నవ్వి, "నా కుండలెవరు చూస్తారు?" అంది.

సంఘం మూసేస్తూ గవర్నర్‌పేటలో సభ పెట్టారు. కార్యదర్శి గారు పెద్దమనసుతో నాకూ ఒక యోగ్యతాపత్రం రాయించారు. తీసుకుని, "చేపలావిడది ఏదండీ?" అని అడిగాను.

"ఆవిడ సంఘంలో సభ్యురాలు కాదు కదమ్మా."

"అయితే నేనూ కాదు. బిళ్ల మీరే తీసేసుకున్నారు" అని ఆ కాగితం అక్కడే పెట్టి వచ్చేశాను. దాని గురించి నాకు ఇప్పటికీ విచారం లేదు.

ఓడ మద్రాసులో ఎక్కాలి. మెయిలు ఎక్కించడానికి ఇద్దరూ వచ్చారు. చేపలావిడ ప్లాట్‌ఫారం అదిరేట్టు ఏడ్చింది. బర్మా పిల్ల ఏడవలేదు. ఒక చిన్న నప్పి కుండ నా ఒళ్లో పెట్టింది. మద్రాసు చేరేదాకా ఆ రైలు పెట్టెలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. కాళ్లు బారజాపుకుని పడుకుని హాయిగా వెళ్లాను.